అనుమానం వస్తే విశ్వాసం పోయినట్టేనా?

నార్త్ యార్క్‌లో మా పక్కింటావిడ రంజాన్‌కి హలీం పంపుతుంది, ఎదురింటావిడ దీపావళికి లడ్డూలు ఇస్తుంది. “వీళ్లు నరకానికి పోతారా మమ్మీ?” అని మా పాప అడిగితే నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ప్రార్థన కూడా కుదరలేదు. మీకూ ఎప్పుడైనా ఇలా అయ్యిందా?

తోమా అనుమానపడితే యేసు తరిమెయ్యలేదు, గాయాలు చూపించాడు. 1916లో టొరంటోలో పుట్టిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్, లాహోర్‌లో పాఠాలు చెప్పి, ఇస్లాంని దగ్గరగా చూసిన క్రైస్తవుడు. సిద్ధాంతాలు ఒప్పుకోవడం వేరు, దేవుడి మీద మనసు నిలపడం వేరు అన్నాడాయన.

మన డోర్నకల్ చర్చి గుర్తుందా? 1939లో ప్రతిష్ఠించిన ఆ మందిరంలో గుడి పోలికా మసీదు పోలికా కలిసే ఉన్నాయి. ఆరాధన మాత్రం యేసుకే.

పాపకి ఇప్పుడు చెప్తున్నా: “తీర్పు దేవుడిది, ప్రేమించడం మనది.” అనుమానం వస్తే దాచుకోకండి, ప్రార్థనలో ఆయనకే చెప్పుకోండి.