పరుగుకు ముందు ఎకో

మా నాన్నగారు యాభై దాటకుండానే మెట్లెక్కుతూ కుప్పకూలారు. పెదనాన్న కూడా అంతే. దిష్టి అన్నారు, ఎండదెబ్బ అన్నారు. ఈ ఏడు గుండెజబ్బు పిల్లల చికిత్సకు చందాలు పోగుచేసి బెంగళూరు 10కెలో పరుగెత్తాలనుకొని, ముందుగా ఇంటిల్లిపాదీ ఈసీజీ, ఎకో తీయించుకున్నాం. తమ్ముడి గుండె కండరం మందంగా ఉందని తేలింది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, వంశంలో దిగే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యులోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం, ఆడపిల్లలకూ అంతే. అందుకే బళ్లారిలో కాపురముంటున్న చెల్లినీ పిలిపించాం. మేనరికమైతే లోపం ఇరువైపుల నుంచీ రావచ్చు. అది మరీ ప్రమాదం. ఇప్పుడు ఎకో బాగున్నా పెద్దయ్యాక బయటపడొచ్చు, కాబట్టి మిగతావాళ్లం కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి. తమ్ముణ్ణి మాత్రం డాక్టరు పరుగెత్తొద్దన్నారు. వాడు చందాల లెక్క చూస్తున్నాడు.