దమ్మాం నుంచి బహ్రెయిన్‌కు కారులో: మనుషులకే కాదు, బండికీ పర్మిషన్ కావాలి

దమ్మాం, ఖోబర్‌లలో ఉండే మనవాళ్లకు రెండు రోజులు సెలవు దొరికితే ముందు గుర్తొచ్చేది బహ్రెయిన్. సముద్రం మీద దాదాపు 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే 1986లో తెరిచారు. దారి సులువే, చిక్కంతా కౌంటర్ దగ్గరే.

ఇఖామా మీద ఉన్నవాళ్లకు ఎగ్జిట్ రీఎంట్రీ తప్పనిసరి. భార్యాపిల్లలకూ ఎవరిది వారికే. రెండు నెలల సింగిల్ 200 రియాళ్లు, అంటే నలుగురికి 800. ఒక్కసారి వెళ్లొస్తే అది అయిపోయినట్టే. మూడు నెలల మల్టిపుల్ 500. ఆలోపు మూడుసార్లు వెళ్లేవాళ్లకు ఇదే లాభం, లెక్క వేసుకోండి. బహ్రెయిన్ వీసా దీనికి వేరు.

చాలామంది మరిచిపోయేది కారు సంగతి. ఇస్తిమారా మీ పేరు మీద లేదా? కంపెనీ బండి కానీ, భాయ్ బండి కానీ, దేశం దాటించడానికి ఓనరు తఫ్వీద్ ఇవ్వాలి. సౌదీ లోపల నడపడానికి ఇచ్చిన తఫ్వీద్ ఇక్కడ చాలదు. భాయ్ ఫోన్‌లో "నేనే ఇచ్చాను సార్" అన్నా ఆఫీసర్ వినడు. లీజు కారైతే లీజు ఇచ్చినవాళ్ల అనుమతి కావాలి, దానికి రోజులు పట్టొచ్చు. గురువారం రాత్రి అడిగితే కుదరదు.

ఇన్సూరెన్స్ పాలసీలో బహ్రెయిన్ కవర్ ఉందో లేదో చూడండి, లేకపోతే విడిగా కొనాలి. పిల్లల పాస్‌పోర్టులు, ఇఖామా తేదీలు కూడా బయల్దేరే ముందే చూడండి. ఒక్కరిది ఆగినా బండిలో ఉన్నవాళ్లంతా వెనక్కి రావాల్సిందే.