డిస్కుకూ సర్వర్‌కూ మధ్య ఒక కార్డు

సర్వర్‌లో డిస్కులు ఒకచోట, ప్రాసెసర్ మరోచోట ఉంటాయి. రెంటినీ కలిపేది అరచేతి వెడల్పున్న ఒక సర్క్యూట్ కార్డు. దాన్ని హోస్ట్ బస్ అడాప్టర్ (హెచ్‌బీఏ) అంటారు. డిస్కులను జట్టుగా కట్టి, ఒకటి పాడైనా సమాచారం పోకుండా చూసే పని కూడా చేస్తే రెయిడ్ కంట్రోలర్ అంటారు. ఈ కార్డుకు సొంత ప్రాసెసర్, కొంత మెమరీ, ఒక ఫ్లాష్ చిప్ ఉంటాయి. ఆ చిప్‌లో కాపురముండే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. ఏ ఆదేశం ముందు పంపాలి, డిస్కు బదులివ్వకపోతే ఎంతసేపు వేచి ఉండాలి, ఎప్పుడు అది పాడైందని తేల్చాలి అనేవన్నీ దాని నిర్ణయాలే. ఆమదాలవలసలోనో చీపురుపల్లిలోనో ఒక రైతు తన భూమి 1బి నకలు అడిగితే, ఎక్కడో డేటా కేంద్రంలో ఉన్న ఆ రికార్డు ఇలాంటి కార్డు దాటే తెర మీదికి వస్తుంది. ఆ రైతుకు కార్డు సంగతి తెలియనక్కర్లేదు. దాన్ని చూసుకునేవారికి మాత్రం తెలిసి తీరాలి.

ఈ కార్డు వంశం 1979 నాటిది. అమెరికాలోని షుగార్ట్ అసోసియేట్స్ సంస్థలో లారీ బౌచర్ బృందం, ఏ తయారీదారు డిస్కునైనా ఒకే పద్ధతిలో కలపగల ‘సాసీ’ అనే ఏర్పాటును రూపొందించింది. 1981లో బౌచర్ బయటికి వచ్చి అడాప్టెక్ సంస్థను స్థాపించాడు. అడాప్టర్ కార్డులకు చాలాకాలం అదే పెద్ద పేరు. సాసీ పెరిగి ‘స్కజీ’ అయింది, 1986లో అమెరికన్ ప్రమాణంగా ఆమోదం పొందింది. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ పత్రాన్ని వెలువరించారు. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవక డిస్కులను గుంపుగా వాడవచ్చని అందులో చూపారు. ఆ లెక్కలు చేసే భారం క్రమంగా కార్డు మీదికి వచ్చింది. కార్డులో ప్రోగ్రామూ పెరిగింది.

తొలినాళ్లలో ఆ ప్రోగ్రామ్ మార్చాలంటే చిప్పునే మార్చాలి. 1971లో ఇంటెల్‌లో డావ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈప్రామ్ చిప్పును ఊడదీసి, అతినీలలోహిత కాంతి కింద పెట్టి చెరిపి, మళ్లీ రాసేవారు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఓకా 1984లో ఫ్లాష్ మెమరీని ప్రకటించాక దారి మారింది. చిప్పు కార్డు మీదే ఉండగా, సర్వర్‌లోంచే చెరిపి రాయడం సాధ్యమైంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మామూలు పనిగా మారింది అప్పటినుంచే.

ఒక సర్వర్‌లో ఒకే వ్యవస్థ నడిచినంతకాలం కార్డు తప్పు చేస్తే నష్టం ఆ ఒక్కదానికే. ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మిషన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లను, నడిపే వర్చువలైజేషన్ ఆ లెక్కను తిరగరాసింది. 1972లోనే ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు వీఎం/370 ఇచ్చింది. మామూలు సర్వర్లలోకి ఈ పద్ధతిని తెచ్చినది 1998లో పుట్టిన వీఎంవేర్. దాని ఈఎస్ఎక్స్ సర్వర్ 2001లో వచ్చింది. నడుస్తున్న వర్చువల్ మిషన్‌ను ఆపకుండానే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు తరలించే వీమోషన్ 2003లో వచ్చింది. జెన్, కేవీఎం, హైపర్-వీ అనే ఇతర హైపర్‌వైజర్లూ (వర్చువల్ మిషన్లను నడిపే ప్రోగ్రాములు) వరుసగా రంగంలోకి దిగాయి. ఇప్పుడు ఒక్క సర్వర్‌లో ఇరవై ముప్ఫై మిషన్లు ఉండటం సాధారణం. పరీక్షల విభాగం, జీతాల లెక్క, గ్రంథాలయం, ఈమెయిల్ అన్నీ ఒకే కార్డు గుండా డిస్కు దగ్గరికి వెళ్తాయి. వీధిలో పది ఇళ్లకూ ఒకే నుయ్యి ఉంటే, నీళ్లెంత ఉన్నాయన్నదే కాదు, ఒకేసారి ఎన్ని చేదలు దిగగలవన్నదీ ముఖ్యమే. కార్డు విషయంలో ఆ సంఖ్యను క్యూ డెప్త్ అంటారు.

ఆ సంఖ్య తక్కువైతే ఎంత ప్రాణసంకటమో 2014లో తెలిసింది. సర్వర్లలోని డిస్కులనే కలిపి ఉమ్మడి స్టోరేజీగా మార్చే వీశాన్‌ను వీఎంవేర్ ఆ ఏడాది మార్చిలో విడుదల చేసింది. డెల్ పెర్క్ హెచ్310 కార్డు మొదట ఆమోదిత జాబితాలో ఉంది. దాని క్యూ డెప్త్ 25 మాత్రమే. ఒక సర్వర్ పడిపోయి, దానిలోని సమాచారాన్ని మిగతా సర్వర్లలో తిరిగి కట్టే పని మొదలైతే, ఆ పాతిక స్థానాలూ దానికే చాలక వర్చువల్ మిషన్లు స్తంభించిన ఉదంతం బయటపడింది. కొద్ది నెలల్లోనే తక్కువ క్యూ డెప్త్ ఉన్న కార్డులను జాబితా నుంచి తొలగించారు. అసలు విశేషం కార్డు లోపల ఉంది. హెచ్310లో ఉన్నది ఎల్ఎస్ఐ సంస్థ ఎస్ఏఎస్2008 చిప్. అదే చిప్‌తో ఎల్ఎస్ఐ అమ్మిన 9211-8ఐ కార్డు క్యూ డెప్త్ 600. చిప్ ఒకటే, ఫర్మ్‌వేర్ వేరు. ఫర్మ్‌వేర్ చిన్న విషయమనుకునేవారికి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

కొత్త వెర్షన్ ఎప్పుడూ మేలైనదే అనుకోవడమూ పొరపాటే. అదే ఎల్ఎస్ఐ కార్డుల ఫర్మ్‌వేర్‌లో 20వ దశ తొలి వెర్షన్ 20.00.00.00 వాడినవారికి లోపాలు ఎదురయ్యాయి. సవరణలు జరిగి 20.00.07.00 వచ్చాకే నమ్మకం కుదిరింది. అలాగని పాతదాన్నే పట్టుకు వేలాడటమూ ప్రమాదమే. కార్డుకు అవతలి కొసన ఉండే డిస్కుకూ ఫర్మ్‌వేర్ ఉంటుంది. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన కొన్ని ఎస్ఎస్‌డీల గురించి హెచ్చరిక ఇచ్చింది. సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక అవి పూర్తిగా పనిచేయడం మానేస్తాయి, సమాచారం తిరిగి రాదు. ఒకే రోజు బిగించిన డిస్కులు ఒకే గంటలో పోతే రెయిడ్ ఏం కాపాడగలదు? హెచ్‌పీడీ8 అనే ఫర్మ్‌వేర్ వేసుకోవడమే విరుగుడు. 2020 మార్చిలో మరికొన్ని డిస్కులకు 40,000 గంటల గడువుతో అలాంటి హెచ్చరికే వచ్చింది.

కాబట్టి అప్‌డేట్‌కు ముందు చేయాల్సింది చదవడం. కార్డు మోడల్, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్, హైపర్‌వైజర్‌లోని డ్రైవర్ వెర్షన్ రాసుకోవాలి. ఫర్మ్‌వేర్ కార్డులో ఉంటుంది, డ్రైవర్ హైపర్‌వైజర్‌లో ఉంటుంది. రెండూ ఒకరి మాట ఒకరికి తెలిసిన జోడీ కావాలి. ఏ జోడీని పరీక్షించి ఆమోదించారో తయారీదారుల జాబితాలో ఉంటుంది. ఆ తర్వాత బ్యాకప్. దాన్ని తిరిగి తెరిచి చూస్తేనే బ్యాకప్ ఉన్నట్టు. ఇక సర్వర్‌లోని వర్చువల్ మిషన్లన్నిటినీ పక్క సర్వర్‌కు తరలించి, దీన్ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాలి. రెయిడ్ కార్డులకు స్టోర్‌క్లై, పాత హెచ్‌బీఏలకు శాస్2ఫ్లాష్ వంటి ఉపకరణాలతో కొత్త ఫర్మ్‌వేర్ రాస్తారు. రాసే ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోకూడదు. ఫ్లాష్‌ను పూర్తిగా చెరిపి రాయాల్సి వస్తే, కొత్తది ఎక్కేవరకు సర్వర్‌ను రీబూట్ చేయకూడదు. కార్డు స్టిక్కర్ మీది, దాని ప్రత్యేక గుర్తింపైన శాస్ చిరునామాను ముందే రాసిపెట్టుకోవాలి, చెరిపినప్పుడు అదీ పోవచ్చు. ఒక సర్వర్‌కు చేసి, కొన్నాళ్లు లాగ్‌లు చూసి, ఆపై మిగతావాటికి వెళ్లాలి.

ఇదంతా పదుల సర్వర్లున్న చోట సాఫీగా సాగుతుంది. రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల వైపు ఒక కళాశాలలో ఒక్క సర్వరే ఉంటే మిషన్లను తరలించే చోటే ఉండదు. అప్పుడు సేవలన్నీ ఆపి, సెలవుల్లో పని పెట్టుకోవడమొక్కటే మార్గం. కొత్త సర్వర్ ఒకటి పెద్దది కొనడం కంటే, మధ్యస్థమైనవి రెండు కొనడమే ఇలాంటి చోట సరైన నిర్ణయం.

ఉత్తరాంధ్ర తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. రెయిడ్ కార్డు వేగం కోసం, డిస్కుకు రాయాల్సినదాన్ని ముందు తన మెమరీలో పట్టుకుంటుంది. కరెంటు ఉన్నట్టుండి పోతే అది చెరిగిపోకుండా పాత కార్డులకు బ్యాటరీ ఉంటుంది. అది నిలబెట్టేది సుమారు 72 గంటలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలూ చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలతోపాటు వేలాది కరెంటు స్తంభాలను కూల్చింది. వారం గడిచినా చాలా ఊళ్లకు కరెంటు రాలేదు. అలాంటి చోట మూడు రోజుల బ్యాటరీ దేనికి సరిపోతుంది? కొత్త కార్డులు సూపర్ కెపాసిటర్ సాయంతో, కరెంటు పోయిన కొద్ది క్షణాల్లోనే మెమరీలోనిదాన్ని ఫ్లాష్‌లోకి దించుకుంటాయి. అక్కడ అది నెలల తరబడి భద్రం. పాత కార్డే ఉన్నవారు యూపీఎస్ అడుగంటకముందే సర్వర్ తనంతట తాను సక్రమంగా ఆగేలా అమర్చుకోవాలి. అలా ఆగితే డిస్కుకు రాయకుండా మెమరీలో ఏమీ మిగలదు. బ్యాటరీ ఆరోగ్యాన్ని కనిపెట్టి చెప్పేదీ ఫర్మ్‌వేరే గనక, అది కొత్తగా ఉండటం ఇక్కడ రెట్టింపు అవసరం.

ఉత్తరాంధ్ర మీద పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వర్ గది బాధ్యత ఉన్నవారు కార్డు ఫర్మ్‌వేర్, బ్యాటరీ, యూపీఎస్, బ్యాకప్ నాలుగింటినీ సెప్టెంబరు దాటకుండా చూసుకోవాలి. కార్డు మోడల్, ఫర్మ్‌వేర్, డ్రైవర్ వెర్షన్లను కాగితం మీద రాసి సర్వర్ తలుపుకు అంటించండి.