నాలుగో ఏడు చదవాలా, ఆగాలా?

ఆరో సెమిస్టరు మార్కులు వచ్చాయి. ఆ యింట్లో రెండు రోజులుగా ఇదే మాట. "ఆనర్స్ చేస్తాను నాన్నా, ఇంకొక్క ఏడాదే కదా!" అంటుంది కూతురు. "మూడేళ్లని చేర్పించాం గదమ్మా, మళ్లీ యీ నాలుగోది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటాడు కౌలుకు చేసే తండ్రి. తల్లి పాలకేంద్రం డబ్బులు లెక్క చూసుకుంటూ, పట్నంలో హాస్టలుకు ఎంతవుతుందో కూడుకుంటోంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన ఆ అమ్మాయే ఆ యింట మొదటి డిగ్రీ. సంబంధం ఒకటి వచ్చి జవాబు కోసం కూర్చుంది.

ఆనర్స్ అన్నది పెద్దలకు కొత్త మాటేమీ కాదు. ఇంటర్ తర్వాత మామూలు బి.ఎ.కు రెండేళ్లు, ఆనర్స్‌కు మూడేళ్లు పట్టిన కాలం ఒకటుండేది. ఆనర్స్ ప్యాసయితే పేరు పక్కన ఆ ముక్క కూడా రాసుకునేవారు. ఇప్పటి ఆనర్స్ లెక్క వేరు.

యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన పద్ధతి ప్రకారం మూడేళ్లలో 120 క్రెడిట్లు వస్తే డిగ్రీ చేతికిస్తారు. నాలుగో ఏడు కూడా చదివి 160 పూర్తి చేస్తే ఆనర్స్. వారానికి గంట చొప్పున సెమిస్టరంతా చెప్పే పాఠానికి ఒక క్రెడిట్. మూడేళ్లకు ఆగినంత మాత్రాన అది అరకొర చదువు కాదు. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, రెండేళ్ల బీఈడీకి ఆ డిగ్రీ చాలు. ఆనర్స్ లేకపోతే వుద్యోగమే రాదని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోనక్కరలేదు.

పరిశోధనతో కూడిన ఆనర్స్ మరొకటి వుంది. అందులో చేరాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వుండాలి. యీ అమ్మాయికి వచ్చినవి 73. కాబట్టి ఆమెకు మిగిలింది మామూలు ఆనర్సే. నాలుగేళ్ల డిగ్రీతోనే నేరుగా నెట్ రాసే వీలు 2024లో వచ్చింది గాని, దానికీ 75 శాతం కావాలి. రిజర్వేషను వర్గాల వారికి అక్కడ 5 శాతం సడలింపు వుంది.

అసలు తేడా పీజీ దగ్గర తేలుతుంది. మూడేళ్ల డిగ్రీ మీద ఎమ్మెస్సీ రెండేళ్లు, మొత్తం అయిదు. ఆనర్స్ చేసినవారికి ఒక్క ఏడాది ఎమ్మెస్సీ పెట్టుకోవచ్చని యూజీసీ 2024లో చెప్పింది. అప్పుడూ అయిదే. కాని పెట్టి తీరాలని చెప్పలేదు. చేరదలచిన యూనివర్సిటీలో ఆ ఏడాది కోర్సు లేకపోతే, ఆనర్స్ చేసి కూడా మళ్లీ రెండేళ్లు చదవాలి. అయిదు కాస్తా ఆరవుతుంది. కౌలు యింట్లో ఒక ఏడాది అంటే చిన్న సంగతా?

పీజీ మాటే తలపెట్టని పిల్లలకు నాలుగో ఏడు వల్ల ఒరిగేది తక్కువ. పీజీ చదివి తీరాలనుకునే పిల్లకు మాత్రం సంబంధం వచ్చిందని చదువు ఆపడం అన్యాయం. ఇక్కడ తల్లి కూడా కూతురి పక్షమే.

నాలుగో ఏడు అన్ని కాలేజీల్లోనూ వుండదు. వున్నచోట కూడా ల్యాబు, పాఠం చెప్పే లెక్చరరు వున్నారో లేదో చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ ఏడాదికి వస్తుందో రాదో ఆఫీసులో ముందే అడిగి చేరడం మేలు.

సంబంధం వారికి పది రోజులు గడువు అడిగారు. సోమవారం తండ్రీకూతుళ్లు మార్కుల జాబితాలు సంచిలో పెట్టుకుని యూనివర్సిటీకి బయలుదేరుతున్నారు, ఏడాది ఎమ్మెస్సీ వుందో లేదో కనుక్కోవడానికి.