ఫోల్డర్ల బరువు: డిస్కు జాగా లెక్క

మలేసియా తెలుగువారి చరిత్రలో చాలా భాగం ఇళ్ళలోని పెట్టెల్లోనే ఉంది. రబ్బరు, కొబ్బరి తోటలకు వలస వెళ్ళిన కుటుంబాల పాత పాస్‌పోర్టులు, ఉత్తరాలు, పెళ్ళి ఫోటోలు, 1955లో ఏర్పడిన మలయా ఆంధ్ర సంఘం నాటి కాగితాలు ఈ కోవలోనివి. ఇటువంటివాటిని స్కాన్ చేసి దాచబూనుకున్నవారికి త్వరలోనే ఎదురయ్యే చిక్కు, డిస్కు నిండిపోవడం. అప్పుడు ఏ ఫోల్డరు ఎంత జాగా తీసుకుంటున్నదో చూసి, పెద్దవాటిని తీసివేయాలనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది.

కొలవడం కష్టం కాదు. 1971 నాటి తొలి యూనిక్స్ నుంచీ ఉన్న ‘డీయూ’ అనే ఆదేశం లినక్స్, మ్యాక్ యంత్రాలలో ఒక్కొక్క ఫోల్డరు ఆక్రమించిన జాగాను చూపుతుంది. విండోస్‌లో ఫోల్డరు మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి: సైజ్, సైజ్ ఆన్ డిస్క్.

ఈ రెండూ ఎందుకు వేరు? యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. కాని డిస్కు జాగాను గంపగుత్తగా కేటాయిస్తుంది. సాధారణంగా లినక్స్‌లో ఆ ఒక్క మాట ఉన్న ఫైలుకు కూడా 4,096 బైట్ల గడి మొత్తం పోతుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్ళుంటే ఈ తేడా పెరుగుతుంది. డీయూ మామూలుగా చూపేది ఈ రెండవ అంకెనే.

బొమ్మల లెక్క వేరు. ఏ4 కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్‌గా దాచితే సుమారు 10.4 కోట్ల బైట్లవుతుంది. అదే పుటను జేపెగ్‌గా మారిస్తే అందులో కొద్ది భాగమే చాలు. అందువల్ల పరిమాణం ప్రకారం పేర్చిన జాబితాలో మూలప్రతులే పైన నిలుస్తాయి. వాటిని తుడిచి జేపెగ్‌లను ఉంచుకుంటే, కుదింపులో పోయిన సూక్ష్మ వివరాలు తిరిగి రావు. చెరిగిన సిరాలో తాతగారి ఊరి పేరు చదవడానికి కావలసినవి ఆ వివరాలే కావచ్చు.

కనుక జాబితా చూడగానే తుడిచివేత మొదలుపెట్టకూడదు. ముందుగా డౌన్‌లోడ్లను, ఒకే వీడియోకు ఉన్న నకళ్ళను తీసివేయాలి. టిఫ్‌లను మరొక డిస్కుకు మార్చి, అక్కడ తెరిచి చూసి, ఇంకొక ప్రతి వేరే ఇంట్లో ఉందని నిర్ధారించుకున్న తర్వాతే ఇక్కడివి తొలగించాలి. ఫోల్డరు పేరులో కుటుంబం, ఊరు, సంవత్సరం రాసి ఉంచితే, రేపు డిస్కు నిండినప్పుడు లెక్క చూసేవారికి దాని బరువుతోపాటు విలువ కూడా తెలుస్తుంది.