బాంబుతో పాటు పేలిన ఫ్యాషన్!

బికినీ అనగానే మీకేం గుర్తొస్తుంది? సముద్రం, ఇసుక, ఓ అందాల తార... సిగ్గుపడకండి, మాకూ అదే గుర్తొస్తుంది! కానీ అసలు ఆ పేరు ఓ దీవిది. పసిఫిక్ మహాసముద్రంలో, మార్షల్ దీవుల్లో ఉంది. అది బట్టల కొట్టుకి చేరిన కథ ఏ సినిమా కథకీ తీసిపోదు.

1946 జులై 1న అమెరికా అక్కడ అణుబాంబు పరీక్ష జరిపింది. ఆ బాంబు మీద ఎవరి బొమ్మ అతికించారనుకున్నారు? సాక్షాత్తూ రీటా హేవర్త్‌ది! ఆ ఏడాదే విడుదలై కుర్రకారుని ఊపేసిన ఆమె చిత్రం 'గిల్డా' పేరే బాంబుకీ పెట్టారు. అభిమానం అలా వెర్రితలలు వేసిందన్నమాట. రీటా మాత్రం మండిపడిందని అప్పటి ఆమె భర్త, నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ తర్వాత చెప్పాడు. మండదూ మరి!

సరిగ్గా నాలుగు రోజులకి, జులై 5న, పారిస్‌లో ఓ ఈతకొలను దగ్గర లూయీ రెయార్ తన కొత్త ఈత దుస్తుల్ని ప్రదర్శించాడు. చదివింది ఇంజనీరింగు, చూసుకునేది తల్లిగారి లోదుస్తుల వ్యాపారం. అప్పటికే జాక్ హైమ్ అనే పోటీదారు తన ఈత దుస్తులకి 'ఆతోమ్' అని పేరు పెట్టాడు. అణువంత చిన్నదని! రెయార్ అంతకన్నా చిన్నది కుట్టి, ఆ వారం పేపర్లనిండా ఉన్న దీవి పేరు తగిలించేశాడు. వేసుకోవడానికి మోడళ్లు ముందుకు రాకపోతే మిషెలీన్ బెర్నార్దినీ అనే క్లబ్బు నర్తకి సరేనంది. మడిస్తే అగ్గిపెట్టెలో పట్టేది. (మన సిరిసిల్ల నేతగాళ్లు అగ్గిపెట్టెలో ఏకంగా చీరనే పట్టించారు. అది వేరే విద్య!) సరిగ్గా ఇరవై ఏళ్లకి, 1966లో, షర్మిలా టాగూర్ బికినీతో ఫిల్మ్‌ఫేర్ ముఖచిత్రమైతే దేశమంతా గగ్గోలు.

ఆ రోజుల్లో అణువంటే అంత మోజు. 1947లో అమెరికాలో కిక్స్ అనే ఫలహారం పెట్టె మూత, 15 సెంట్లు పంపితే పిల్లలకి 'అణుబాంబు ఉంగరం' వచ్చేది! బాంబు ఆకారం, ఎర్రటి తోక. తోక పీకి చీకట్లో కన్నుపెట్టి చూస్తే మిణుకుమిణుకుమని మెరుపులు. లోపల నిజంగానే రవ్వంత పొలోనియం ఉండేది మరి. దాని కణం తెరకి తగిలినప్పుడల్లా ఓ మెరుపు. పొలోనియం 138 రోజులకి సగమైపోతుంది గనక కొన్నాళ్లకి ఉంగరాలు ఆరిపోయాయి.

దీవి సంగతి అలా కాలేదు. 1946 ఫిబ్రవరిలో ఓ ఆదివారం, ప్రార్థన ముగిశాక, అమెరికన్ నౌకాదళాధికారి వచ్చి మానవాళి మేలు కోసం ఊరు ఖాళీ చెయ్యమన్నాడు. తాత్కాలికమే అనుకుని 167 మంది మార్చిలో కదిలారు. చేర్చినచోట తిండి చాలక పస్తులున్నారు. ఇక్కడేమో 1958 దాకా 23 బాంబులు! 1954 మార్చి 1న పేల్చినదాని బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ నవంబరులోనే 'గాడ్జిల్లా' జపాన్ తెరకెక్కింది.

1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు ఆశగా తిరిగొచ్చాయి. 1978లో, ఒంట్లో సీజియం పెరిగిపోయిందని వాళ్లనీ తరలించారు. ఇప్పటికీ అక్కడ స్థిరంగా కాపురమున్నవాళ్లు లేరు. వాళ్ల భాషలో ఆ దీవి పేరుకి అర్థం కొబ్బరి నేల. చెట్లు బాగానే ఉన్నాయి, కాయలూ కాస్తున్నాయి. నేలలోని సీజియం వేళ్లగుండా కాయలోకి ఎక్కుతుంది గనక తినడానికి లేదు.