శీతదేశమున కారునకు శీతకాలపు సన్నాహము



ముప్పదియైదేండ్లు పాఠశాలలో వ్యాకరణము చెప్పిన నేను మోటారు కారును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును అట్లే తోచుచున్నది. అయినను నే నెఱిగిన పల్లెలలో వీధికొక్కరైనను బిడ్డలను అమెరికాకో కెనడాకో పంపినవారే. ఆ దేశముల ఉత్తరభాగమున శీతకాలము వచ్చినపుడు మన బిడ్డల క్షేమము కొంతవఱకు వారి కారుపై ఆధారపడి యుండును. కావున ఈ విషయము పెద్దలకును తెలిసియుండుట మంచిది.

2018వ సంవత్సరము ఆశ్వయుజ మాసమున నేనును నా భార్యయును మిన్నెసోటా రాష్ట్రములోని మిన్నియాపొలిస్ నగరమున నున్న మా రెండవ కుమారుని యింటికి పోయితిమి. పోయిన వారములోనే వాడు ఒక శనివారమంతయు కారు దగ్గఱ గడపెను. ఆకాశము నిర్మలముగా నుండెను, ఎండ కాయుచుండెను. "నాయనా, మంచు జాడయే లేదు గదా, ఇప్పుడే యీ శ్రమ యేల?" అని అడిగితిని. "నాన్నగారూ, మనయూర మృగశిర కార్తెకు ముందే యిల్లు కప్పించెడివారు గదా! ఇదియు నట్టిదే" అని వాడు బదులు చెప్పెను. నే నిక మాటలాడక ప్రక్కన కూర్చుండి చూచితిని. నాడు చూచినదియు, పిమ్మట అడిగి తెలిసికొన్నదియు మీకు విన్నవించెదను.

ముందుగా ఆ చలి యెట్టిదో తెలియవలెను. మన ప్రాంతమున పుష్యమాసపు తెల్లవారుజామున 12 సెంటిగ్రేడు డిగ్రీలైనచో నెగడు వేసికొందుము. నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టును. 2019 జనవరి 30వ తేదీని ఆ నగరమున చలి సున్నకు దిగువ 33 డిగ్రీల వఱకు దిగెను.

కారునందు మొదట కాపాడవలసినది ఇంజనులోని నీటిని. ఇంజను వేడెక్కకుండుటకై దానిచుట్టు నొక ద్రవము తిరుగుచుండును. మంచుగడ్డ నీటిపై తేలుట మీరు చూచియున్నారు. నీరు గడ్డకట్టునపుడు నూటికి సుమారు 9 పాళ్ళు ఉబ్బును. అందుచేతనే అది తేలును. ఇంజనులో వట్టి నీరే యున్నచో అది ఉబ్బి యినుమును సైతము పగులగొట్టును. దీనికి విఱుగుడుగా ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును నీటిలో సమభాగముగా కలుపుదురు. ఆ మిశ్రమము సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. ఇందొక విశేషము కలదు. "నీరు కలుపక ఆ మందునే నిండుగా పోసిన మఱింత మేలు గదా?" అని నేనంటిని. కాదట! వట్టి గ్లైకాల్ సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును. రెండును కలిసినప్పుడే ఒకదానిని మఱియొకటి గడ్డకట్టనీయదు. ఈ ద్రవము తియ్యగా నుండును గాని ఘోరమైన విషము. పిల్లలకును పెంపుడు జంతువులకును అందకుండ దాచవలెను.

రెండవది నూనె. చలికాలమున మన యిండ్లలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకొనును గదా. ఇంజను నూనెయు చలికి చిక్కబడును. చిక్కబడినచో ఇంజను కదలుట కష్టము. కదలిన పిమ్మటను నూనె అన్ని భాగములకు వెంటనే చేరదు. నూనె డబ్బాపై 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20 అని యుండును. డబ్ల్యు అను అక్షరము శీతకాలమును సూచించును. దాని ముందరి అంకె యెంత చిన్నదైన, ఆ నూనె చలిలో అంత పలుచగా పాఱును. కారు చేసినవారు తమ పుస్తకమున చెప్పిన నూనెనే పోయవలెను. ఆ ప్రాంతమున కొన్ని కార్ల ముందు ఒక కరెంటు తీగ వ్రేలాడుచుండును. రాత్రి దానిని ప్లగ్గునకు తగిలించినచో ఇంజను తెల్లవారువఱకు గోరువెచ్చగా నుండును.

మూడవది బ్యాటరీ. శీతకాలపు ఉదయమున కారు కదలకుండుటకు తఱచుగా కారణమిదియే. బ్యాటరీలో శక్తి పుట్టించునది రసాయన క్రియ. చలిలో ఆ క్రియ మందగించును. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ తన బలములో సుమారు సగమే యీయగలదు. చిక్కబడిన నూనెలో ఇంజనును త్రిప్పుటకో, ఆ వేళనే ఎక్కువ బలము కావలెను. బండి బరువెక్కిననాడే ఎద్దు నీరసించినట్లన్నమాట. కావున మూడు నాలుగేండ్లు గడచిన బ్యాటరీని చలి రాకమునుపే పరీక్ష చేయించవలెను. నిండుగా నున్న బ్యాటరీ సున్నకు దిగువ 50 డిగ్రీలకైనను గడ్డకట్టదు. శక్తి ఉడిగినది 10 డిగ్రీల దిగువకే గడ్డకట్టవచ్చును. అట్లు గడ్డకట్టి ఉబ్బినదానికి వేఱొక కారు తీగలు తగిలించుట ప్రమాదము, అది ప్రేలవచ్చును. విద్యుత్తుతో నడచు కార్లు చలిలో తక్కువ దూరము పోవును. వానిని ప్లగ్గున నున్నప్పుడే లోపల వెచ్చచేసికొనుట మేలు.

నాలుగవది టైర్లు. మామూలు రబ్బరు చలికి బిఱుసెక్కి రోడ్డును పట్టదు. శీతకాలపు టైర్ల రబ్బరు మెత్తగా నుండును. వానిపై మూడు శిఖరముల కొండయు, అందొక మంచుపువ్వును ముద్రించియుండును. సుమారు 7 డిగ్రీలకు దిగువ దినములు వచ్చినపుడే వీనిని మార్చుదురు. నాలుగింటిని మార్చవలెను గాని రెంటిని కాదు. చలికి గాలియు కుదించుకొనును. ప్రతి 6 డిగ్రీలకు చదరపు అంగుళమునకు సుమారు ఒక పౌను చొప్పున ఒత్తిడి తగ్గును. కావున గాలిని తఱచుగా చూచుకొనవలెను.

తక్కినవి చిన్న పనులు. అద్దము కడుగు నీటికి మాఱుగా గడ్డకట్టని ద్రవము పోయవలెను. రోడ్లపై మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. అది కారు అడుగుభాగమును తుప్పు పట్టించును గనుక అప్పుడప్పుడు కడిగించవలెను. పెట్రోలు సగమునకు తగ్గనీయరాదు. వెనుక పెట్టెలో కంబళ్ళు, పాఱ, కొంత ఇసుక, చేతిదీపము, త్రాగునీరు, తినుబండారములు ఉంచవలెను. మంచు తుపానులో కారు నిలిచిపోయినచో అవి ప్రాణములు నిలుపును.

ఇక నా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. 2019 ఫిబ్రవరిలో ఆ నగరమున 39 అంగుళముల మంచు కురిసెను. ఒక ఉదయమున కారు సగమువఱకు మంచులో కూరుకొనియుండెను. మా వాడు పాఱతో ముందువైపు త్రవ్వుచుండెను. నాలుగేండ్ల మనుమడు చలికి వణకుచుండెను. "పిల్లవానితో నేను లోపల కూర్చుండెదను, ఇంజను నడిపించి వెచ్చచేయుము" అంటిని. వాడు పాఱ పాఱవైచి పరుగెత్తివచ్చి పిల్లవానిని నా చేతినుండి తీసికొనెను. అంతకుముందెన్నడును నాతో గట్టిగా మాటలాడనివాడు ఆనాడు కేకవేసెను.

తరువాత శాంతముగా చెప్పెను. కారు వెనుక పొగగొట్టము మంచుతో మూసికొనియున్నచో, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెనుకకు మఱలి కారులోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలివారు వెచ్చగా నున్నదని నిదురపోవుదురు. ఆ నిదురనుండి లేవకపోవచ్చును. కావున ముందుగా వెనుక గొట్టమును త్రవ్వి తీసి, పిమ్మటనే ఇంజనును నడిపింపవలెను. షెడ్డులో తలుపు మూసికొనియు, తెఱచియు కూడ ఇంజనును నడుపుచు నుంచరాదు. ఆ దినమంతయు నేను మనుమని ముఖమును చూచుచు కూర్చుంటిని. ప్రేమ యుండిన చాలదు, తెలివియు నుండవలెనని యీ వయస్సున నేర్చికొంటిని.

ఆర్యులారా, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట కూడదని మనము పిల్లలకు నేర్పినవారము. దసరా దాటిన పిమ్మట మీ బిడ్డ ఫోను చేసినపుడు "భోజనమైనదా?" అని అడిగి ఊరకుండకుడు. "బ్యాటరీ పరీక్ష చేయించితివా? టైర్లు మార్చితివా? కంబళ్ళు కారులో పెట్టితివా? పొగగొట్టము చూచి మఱీ ఇంజను నడిపించుచున్నావా?" అనియు అడుగుడు. నాన్నకు ఈ సంగతు లెట్లు తెలిసినవని వారు నవ్వుదురు గాక. నవ్వుచునే ఆ పనులు చేయుదురు.

సెలవు.